కాష్‌లో గుంపులు: పాతబడిన సమాచారాన్ని గుర్తించే పద్ధతి

వెబ్‌సైట్‌లోని పేజీని ఎవరైనా తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌ను వెతికి దానిని మళ్లీ తయారుచేయడం సర్వర్‌కు భారమవుతుంది కనుక, ఒకసారి సిద్ధమైన ఫలితాన్ని కొంతకాలం దాచి ఉంచుతారు. ఈ తాత్కాలిక నిల్వనే కాష్ అంటారు. దాచడం సులభమే గాని, అసలు సమాచారం మారినప్పుడు దాచినవాటిలో ఏవి చెల్లవో గుర్తించడం కష్టం. ఒక వార్త శీర్షికను సవరిస్తే ఆ వార్త పేజీతో పాటు, అది కనిపించే ముఖపేజీ, విభాగం జాబితా, రచయిత పేజీ కూడా పాతబడతాయి. మొత్తం కాష్‌ను ఖాళీ చేస్తే తప్పు సమాచారం పోతుంది. కాని ఆ తరువాత వచ్చే అభ్యర్థనలన్నీ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడతాయి. అందుకే సంబంధమున్న అంశాలను ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపును మాత్రమే ఒకేసారి చెల్లకుండా చేయాలి.

అయితే 2003లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల వెబ్‌సైట్ కోసం బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రూపొందించిన మెమ్‌కాష్‌డ్ అనే కాష్ సాఫ్ట్‌వేర్‌లో గుంపు అనే ఏర్పాటే లేదు. అందువల్ల ప్రోగ్రామర్లు ఒక్కో గుంపుకు ఒక వరుస సంఖ్యను కేటాయించి, ఆ గుంపులోని ప్రతి అంశం పేరులోనూ దానిని చేరుస్తారు. సంఖ్యను ఒకటి పెంచితే పాత పేర్లతో ఇక ఎవరూ అడగరు, అడగనివి చోటు చాలనప్పుడు వాటంతట అవే తొలగిపోతాయి. వేల అంశాలను వెతికి చెరపవలసిన పనిని ఒక్క కూడికతో ముగించే ఈ ఉపాయం ఎంతో మెచ్చదగినది.

అయితే ఒక పేజీ ఒకే గుంపుకు చెందదు. అందుకే వెబ్‌సైట్లను నడిపే డ్రూపల్ సాఫ్ట్‌వేర్‌లో 2015లో విడుదలైన డ్రూపల్ 8 ట్యాగులను, అంటే గుర్తింపు చీటీలను, ప్రవేశపెట్టింది. ఒక వ్యాసాన్ని చూపే ప్రతి పేజీకీ ఆ వ్యాసపు చీటీ ఉంటుంది. వ్యాసం మారగానే చీటీ లెక్క ఒకటి పెరుగుతుంది. నిల్వ చేసిననాటి లెక్కతో సరిపోలని పేజీ చెల్లదు. చీటీ అంటించడం మరచిన పేజీలో మాత్రం పాత సమాచారమే నిలిచిపోతుంది.