సున్నము, సిమెంటు, షాబాదు బండ

గోడకు పూత, నేలకు గచ్చు అలంకారము కొఱకే యని పలువురు తలంతురు. అవి మొదట రక్షణ కొఱకు, పిమ్మట అలంకారము కొఱకు. ఏ గోడకు ఏ పూత తగునో యెఱుగక చేసిన పనివలన ధనము వ్యర్థమగుటయే గాక గోడయు చెడును.

షాబాదు బండ మన షాబాదులో పుట్టినదని కొందఱనుకొందురు. ఆ పేరు కర్ణాటకమున గుల్బర్గా ప్రాంతపు షాహాబాదునుండి వచ్చినది. ఆ బండయు, మనకు సమీపమున దొరకు తాండూరు బండయు సున్నపురాతి జాతికి చెందినవి. సున్నమునకును, సిమెంటునకును గూడ సున్నపురాయియే మూలము. నేలమీది బండయు, గోడమీది పూతయు ఒక్క కుటుంబములోనివే. అయినను వాని గుణములు వేఱు.

సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసినప్పుడు అది కుతకుత నుడికి విచ్చిపోవును. కన్నులకును చర్మమునకును హానికరము గనుక పిల్లలు దాని దరికి పోరాదు. ఆ సున్నమును ఇసుకతో గలిపి గానుగలో నూరి గోడకు పూయుదురు. పూర్వపు మేస్త్రీలు బెల్లము, కరక్కాయ రసము, మారేడు గుజ్జు మొదలగువానిని గూడ చేర్చెడివారు. పూసిన సున్నము గాలినుండి బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి మెల్లమెల్లగా రాయియగును. ఈ యాలస్యమువలననే పనివానికి లతలను, పువ్వులను మలచుటకు వ్యవధి చిక్కును. 1591లో కట్టిన చార్మినారుపైని గచ్చు పనియే యిందుకు నిదర్శనము.

సిమెంటు స్వభావము వేఱు. సున్నపురాతిని బంకమట్టితో గలిపి మిక్కిలి వేడిమిలో కాల్చి పొడి చేయగా అది యేర్పడును. పోర్ట్‌లాండ్ సిమెంటునకు 1824లో ఇంగ్లండు దేశస్థుడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ హక్కుపత్రము పొందెను. ఇది నీటితో గలిసి కొన్ని గంటలలోనే బిగిసికొనును. ఎఱ్ఱ గచ్చు వేయువారు పైపొరలో ఎఱ్ఱరంగు పొడిని గలిపి తాపీతో అద్దమువలె నునుపు చేయుదురు. అటుపిమ్మట కనీసము ఏడు దినములు నేలను తడిగా నుంచవలెను; లేనియెడల బీటలు వాఱును.

ఇక ముఖ్య విషయము. మట్టితోను సున్నముతోను కట్టిన పాత గోడలు నేలనుండి చెమ్మను పీల్చును. సున్నపు పూత ఆ చెమ్మను గాలిలోనికి విడుచును. సిమెంటు పూత దానిని చాలవఱకు లోపలనే బంధించును. అప్పుడు లోని లవణములు పేరుకొని పూత ఉబ్బి పెచ్చులుగా రాలును. గోడ లోపల గుల్లయగును. గోలకొండ చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధులపై ఇరువదవ శతాబ్దములో సిమెంటు పూసిరి. 2013లో ఆరంభమైన పునరుద్ధరణలో దానిని తొలగించి మరల సున్నపు గచ్చునే పూసిరి.

కావున పాత యింటిని బాగుచేయించు తల్లిదండ్రులు మొదట చెమ్మ యెచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొనవలెను. చూరు నీరు గోడ మొదట నిలువకుండ చేయవలెను. పిమ్మట సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలువవలెను. క్రొత్త యిటుక గోడకు సిమెంటు పూత చక్కగా పనికివచ్చును. సరిగా పూయని గోడ వర్షమునకు కూలుటను గూర్చి యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయములో నున్నది. విద్యార్థులు ఆ భాగమును చదివి, తమ యింటి గోడలను ఒకసారి పరీక్షించి చూతురు గాక.