ధర వేరు, విలువ వేరు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. రెండింటను చిక్కు ఒక్కటే. పని జరుగుచున్నప్పుడు మంచిచెడ్డలు పూర్తిగా తెలియవు. తెలియునప్పటికి మార్చుకొను నవకాశ ముండదు. అందుచేతనే పెండ్లి విషయమున మనవా రేడుతరములు విచారింతురు. ఇంటి విషయమునను, బడి విషయమునను, వంతెన విషయమునను మాత్రము ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొనుచున్నారు: “ఎంత తక్కువకు చేయుదువు?” ఈ యొక్క ప్రశ్న మన నిర్మాణవృత్తికి చేయుచున్న చెరుపును గూర్చియు, దానినుండి నిజాయితీపరుడగు కంట్రాక్టరు బయటపడు మార్గమును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

గత వేసవిలో మేము సముద్రతీరమునకు సమీపమున నున్న యొక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చటి పాఠశాలాభవనము కట్టి పట్టుమని పదియేండ్లు కాలేదు. వరండా కప్పు పెచ్చులూడి, లోపలి ఇనుపచువ్వలు త్రుప్పుపట్టి బయటికి కనబడుచున్నవి. పంతులుగారు పిల్లలను వేపచెట్టు క్రిందికి చేర్చి పాఠము చెప్పుచున్నారు. ఆ పనికి టెండరు వేసి, మరియొకరు తక్కువకు వేయుటచే దానిని పోగొట్టుకొన్న కంట్రాక్టరు ఆ గ్రామమువారే. ఆయనను కలిసికొని, తమ ధర యేల హెచ్చైనదని యడిగితిమి. “ఉప్పుగాలి తగిలే చోటండి ఇది. చువ్వ మీద కాంక్రీటు మందంగా ఉండాలి. స్లాబు పది రోజులైనా తడపాలి. ఇక్కడి బావుల్లో ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు ట్యాంకరుతో తోలించాలి. అవన్నీ లెక్కేసుకునే ధర వేశానండి” అని వారు చెప్పిరి. ఆ సంగతి అధికారులకేల తెలుపలేదని మే మడుగగా వారు నవ్వి, “చెప్పడానికి ఆ కాగితంలో గడి ఎక్కడుందండీ? అంకె వేసే గడి ఒక్కటే ఉంది” అనిరి.

వ్యాధి యంతయు ఆ సమాధానములోనే యున్నది. కంట్రాక్టరు అమ్మునవి రెండు: కంటికి కనబడునది యొకటి, కనబడనిది యొకటి. గోడ నునుపు, తలుపు చెక్కడము, రంగుల మెరుపు కనబడును. సిమెంటు పాలు, నీటి కొలత, చువ్వల అమరిక, తడిపిన దినములు కనబడవు. ధర తగ్గింపవలసివచ్చినప్పుడు కోత యెచ్చట పడును? కనబడుచోట పడదు. కాంక్రీటులో నీరు హెచ్చించినచో పోయుట సులువగును, బలము తగ్గును. సరిగా కుదింపక నూటికి ఒక పాలు గాలిగుల్లలు నిలిచిపోయినచో బలములో నూటికి అయిదారు పాళ్ళు పోవునని యింజనీర్ల లెక్క. సాధారణ సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసము 7 దినములును, పొడి యెండలు గల తావుల 10 దినములును తడిగా నుంచవలెనని 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము ఐ.యస్. 456 శాసించుచున్నది. మూడవనాడే తడుపుట మానినచో నీటి ఖర్చును, కూలి ఖర్చును మిగులును. ఆ మిగులే టెండరులో ‘లెస్సు’ అను ముద్దుపేరుతో కనబడి అందరిని సంతోషపెట్టును.

కోత పదార్థముల మీదనే ఆగునా? ఆగదు. సిమెంటు ధరను, ఇనుము ధరను కంట్రాక్టరు శాసింపలేడు. ఆయన చేతిలో నున్న దొక్కటే: మనుష్యుని కూలి. దేశములోని పెక్కు ఆనకట్టలకు రాళ్ళు మోసి, మట్టి తవ్విన పాలమూరు కూలీల చరిత్ర మనవారికి క్రొత్త గాదు. నేటికిని నూటికి ఇరువది తక్కువకు పని పట్టిన చోట మొదట తగ్గునది తాపీమేస్త్రీ దినకూలి. తరువాత పోవునది పరంజి కట్టుదిట్టము. చౌకధర యని మనము మెచ్చుకొను దానిలో కొంత పేదవాని యెముకలనుండి పిండినదే.

ఇక పక్షపాతము లేకుండ రెండవవైపు మాటయు చెప్పవలయును. తక్కువ ధరవానికే పని యను నియమము మూర్ఖులు కల్పించినది గాదు. అధికారి తన బావమరిదికి పని యిచ్చి, “ఇతడు నాణ్యముగా చేయును” అనినచో అడ్డగించు టెట్లు? అంకె అబద్ధమాడదు, ఎవరి అంకె తక్కువయో పసివాడును చెప్పగలడు. ప్రజాధనమునకు కాపలాగా నేర్పడిన నియమ మది. కాని కాపలావాడు తలుపొక్కటే కాచుచుండగా దొంగ దొడ్డిత్రోవను వచ్చినట్లు, ధర దగ్గర మిగిలిన ధనము మరమ్మతుల రూపమున వెలుపలికి పోవుచున్నది. ధరను కాచు నియమము చాలదు. విలువను కొలుచు నియమమును కావలయును.

విలువ యనగా నేమి? కట్టినది యెంతకాలము, ఎంత తక్కువ మరమ్మతుతో, ఎంత నిర్భయముగా పనికివచ్చు నన్నది. ధవళేశ్వరమువద్ద కాటన్ దొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్ట శతాబ్దమునకు పైగా గోదావరీమండలమునకు అన్నము పెట్టినది. పరాయిప్రభుత్వపు పనియే యైనను ఆ మాట చెప్పక తప్పదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతికట్టడముగా 124 మీటర్లు లేచి, 1967 నుండి కాలువలకు నీరిచ్చుచున్నది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వ సంపదలో చేర్చిరి. వీనిని చూడబోయినవా రెవ్వరును “మొదట నెంతకు కుదిరినది?” అని యడుగరు. ధర ఒకనాటి మాట. విలువ నూరేండ్ల మాట.

ప్రభుత్వము లీ సంగతి నెరుగవా? ఎరుగును; కాని యొక అడుగు ముందుకు, ఒక అడుగు వెనుకకు వేయుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో రివర్సు టెండరు పద్ధతిని తెచ్చినది. వేసిన ధరలను మరల వేలములో తగ్గింపించుట దాని సారము. 2024లో తరువాతి మంత్రివర్గము దానిని రద్దుచేయ నిశ్చయించినది. ఆ రెంటి రాజకీయములతో మాకు నేడు పని లేదు. తగ్గింపు ఒక విడతగా జరిగినను, రెండు విడతలుగా జరిగినను, అడిగిన ప్రశ్న మాత్రము ధరను గూర్చినదే యని పాఠకులు గమనింపవలయును.

కేంద్రమున 2021 అక్టోబరులో ఆర్థికమంత్రిత్వశాఖ వ్యయవిభాగమువారు వెలువరించిన ఉత్తరువులు ఇంతకంటె మేలైనవి. నాణ్యము ప్రధానమని అధికారులు ముందుగా నిర్ణయించిన పనులలో నాణ్యమునకును మార్కులు వేయవచ్చును. అయితే ఆ మార్కులు నూటికి 30 మించరాదు. కంట్రాక్టరు బిల్లు దాఖలుచేసిన 10 పనిదినములలో, చెల్లదగిన మొత్తములో నూటికి 75కు తగ్గకుండ ఇయ్యవలెననియు వానిలో నున్నది. ఈ రెండవ నియమము మొదటిదానికంటె తక్కువది గాదు. బిల్లు రాక, వడ్డీకి తెచ్చి కూలి చెల్లించువాడు నాణ్యమును గూర్చి ఏమి యాలోచింపగలడు? వాని యాలోచన యంతయు షావుకారు వాకిటనే యుండును. కేంద్రమువారి యీ నియమములు మన జిల్లాల చిన్నపనులకును, పురపాలకసంఘముల పనులకును దిగిరావలయును.

మరియొక మంచి మార్గమును 2000 డిసెంబరులో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన చూపినది. రోడ్డు వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు దాని బాగోగులు చూడవలెనని ఒప్పందములోనే వ్రాయుదురు. రేపు గుంట పూడ్చవలసినవాడు తానే యని తెలిసినచో నేడు కంకర పరచునప్పుడే చేయి జాగ్రత్తపడును. ఉపదేశమువలన రాని నిజాయితీ ఈ నిబంధనవలన వచ్చును.

అయితే ప్రభుత్వము మారువరకు కంట్రాక్టరులు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. ఊరూర సొంతయిండ్లు కట్టించుకొనువారు లక్షలమంది గలరు. వారి దగ్గర టెండరు కాగితము లేదు. గడి లేదను సాకును లేదు. అచ్చట విలువను చూపి పని సంపాదించుట కంట్రాక్టరు చేతిలోని పని. ఒక్క ఉదాహరణము తీసికొందము. 1200 చదరపుటడుగుల ఇంటికి ఒకరు అడుగునకు 1800 రూపాయలనియు, ఒకరు 2000 రూపాయలనియు చెప్పిరనుకొందము. భేదము 2,40,000 రూపాయలు. రెండవవారు “మా పని వేరండి” అని మీసము దువ్వినంతమాత్రమున యజమాని నమ్మడు, నమ్మనవసరమును లేదు. ఆ సొమ్ము దేనికి పోవునో వరుసగా వ్రాసి చూపవలయును. చువ్వల బరువెంత, ఏ తరగతి కాంక్రీటు, ఎన్నినాళ్ళు తడుపుదురు, మేడమీద నీరు దిగకుండ నేమి చేయుదురు, ఇవి కాగితమున కెక్కవలయును. ఇల్లు నలువదియేండ్లు నిలుచునని లెక్కవేసినచో, వడ్డీ మాట అటుంచి, ఆ భేదము ఏడాదికి 6000, నెలకు 500 రూపాయలు. నెలకు 500 రూపాయలకు కారని కప్పు దొరకునని చెప్పినచో వినని గృహస్థు అరుదు.

వ్రాయుట మొదటి మెట్టు. ఋజువు చూపుట రెండవది. కాంక్రీటు పోసిననాడే ఘనములు పోసి, 28 దినములకు పరీక్షింపించి, ఫలితమును యజమాని చేతి కీయవలయును. ఇనుము కట్టిన తరువాత, కాంక్రీటు క్రింద మరుగుపడకముందు, ఛాయాచిత్రములు తీసి యుంచవలయును. నేడు మేస్త్రీ చేతిలోని ఫోనే యందుకు చాలును. మూడవ మెట్టు పూచీ. 2016 నాటి స్థిరాస్తి శాసనము ప్రకారము ఇండ్లు కట్టి అమ్మువారు, స్వాధీనపరచిన అయిదేండ్లలో కట్టడపులోపము బయటపడినచో, తెలియజేసిన 30 దినములలో ఉచితముగా బాగుచేయవలయును. శాసనము బలవంతము చేయని చోటనే కంట్రాక్టరు తానై అట్టి పూచీని వ్రాసియిచ్చినచో, అంతకుమించిన ప్రకటన యేమి కావలయును? నాలుగవది శిక్షణము. 1998లో హైదరాబాదున నెలకొల్పిన జాతీయ నిర్మాణ శిక్షణసంస్థ వంటివి గలవు. మేస్త్రీలను, ఇనుము కట్టువారిని అట్టిచోటికి పంపిన ఖర్చు వృథా పోదు.

అన్నిటికంటె కష్టమైనది అయిదవది: గిట్టని పనిని వద్దనగల ధైర్యము. పని లేకుండ నుండుటకంటె నష్టమునకైనను పట్టుట మేలని తలచువాడు మొదట సిమెంటును, పిదప కూలివానిని, తుదకు తన పేరును అమ్ముకొనును. ఇచ్చట నొక హెచ్చరిక చేయుచున్నాము. ధరలు పడిపోకుండ కాపాడుకొందమని కంట్రాక్టరులు చేరి ‘రింగు’ కట్టి, ఈ పని నీకు, ఆ పని నాకు అని పంచుకొనుట మేము చెప్పుచున్న మార్గము గాదు. అది దొంగతనమునకు మరియొక పేరు. సంఘము కట్టవలసినది ధరను పెంచుటకు గాదు; ఇంతకు తగ్గిన పని మాలో నెవ్వరును చేయమని ప్రమాణమును నిలుపుటకు.

ఇక ప్రజలకు ఒక్కమాట. కాయగూరలబండి దగ్గర వంకాయను త్రిప్పి త్రిప్పి చూచి కొను మనము, జీవితకాలపు సంపాదనమును ధారపోయు ఇంటి విషయమున అంకె నొక్కటే చూచుట న్యాయమా? కంట్రాక్టరును ధర యడుగుడు, తప్పులేదు. దానితోపాటు మూడు ప్రశ్న లడుగుడు: ఈ ధరలో ఏమేమి యున్నది? దానికి ఋజువేమి చూపుదువు? చెడినచో ఎవరు బాగుచేయుదురు? ఈ మూడింటికి కాగితముమీద సమాధాన మిచ్చువానికి నాలుగు డబ్బులు హెచ్చిచ్చినను అది మీ సొమ్మునకు కాపలాయే.

ఆ తీరగ్రామపు పంతులుగారు ఇప్పటికిని పిల్లలను వేపచెట్టు క్రిందనే కూర్చుండబెట్టుచున్నారేమో! ఆ బడి కాగితములో అంకె గడి ప్రక్కన మరియొక గడి యుండినచో, మంచినీళ్ళ ట్యాంకరును లెక్కవేసికొన్న వారికే ఆ పని దక్కియుండును. పిల్లలు కప్పు క్రింద చదువుకొనుచుందురు. ఆ గడిని ప్రభుత్వములు టెండరు కాగితములలో చేర్పవలయును. అవి చేర్చువరకు గృహస్థులు తమ ప్రశ్నలచేతను, కంట్రాక్టరులు తమ జవాబులచేతను దానిని గీసికొందురు గాక.