మీకు తెలుసా? సెప్టెంబరులో వచ్చే పిట్ట నిన్నటిది కాకపోవచ్చు

అమెరికా తూర్పు సగంలో గూడు పెట్టే హమ్మింగ్‌బర్డ్ ఒక్కటే రకం, కెంపుగొంతుది. సెప్టెంబరు వచ్చేసరికి పెరట్లో పంచదార నీళ్లు పోసి ఉంచే ఫీడర్ల దగ్గర వీటి సందడి బాగా పెరుగుతుంది. నిన్నటివి వెళ్తుంటే కొత్తవి వస్తుంటాయి. కానీ ఆ ఎర్రగొంతులే అంతగా కనిపించవు. ఎర్రగొంతున్న పెద్ద మగపిట్టలు చాలావరకు ఆగస్టులోనే దక్షిణానికి బయల్దేరిపోతాయి. పిల్లల్ని సాకే బాధ్యత అంతా తల్లిదే. అయ్యగారికి ఆగాల్సిన పనేముంది!

ఇక మిగిలేవి ఆడపిట్టలూ, ఆ ఏడు పుట్టిన పిల్లలూ. ఒకటి వచ్చి వాలినప్పుడు గొంతుకేసి చూడండి. తెల్లటి ఈకల మధ్య ఒకటి రెండు ఎర్రచుక్కలుంటే అది కుర్ర మగపిట్ట. ఆ ఎరుపు నిజానికి రంగు కాదు, ఈకల అమరిక మీద వెలుగు పడితే పుట్టే మెరుపు. పిట్ట తల కాస్త తిప్పిందంటే అదే చుక్క నల్లగా కనిపిస్తుంది. ఈ కుర్రపిట్ట తల్లి తోడు కూడా లేకుండా, ఎన్నడూ చూడని మెక్సికోకో మధ్య అమెరికాకో ఒంటరిగా వెళ్తుంది.

మామూలుగా 3 గ్రాములుండే పిట్ట ప్రయాణానికి ముందు కొవ్వు పట్టి దాదాపు రెట్టింపవుతుంది. కొన్ని ఆ బలంతోనే మెక్సికో సింధుశాఖ మీదుగా 800 కిలోమీటర్లకు పైగా ఏకబిగిన ఎగిరిపోతాయి. చాలా పిట్టలు టెక్సస్ తీరం పట్టుకుని వెళ్తాయి. అక్కడి రాక్‌పోర్ట్‌లో ఏటా సెప్టెంబరులో వీటి పేరిట పండగే చేస్తారు.

ఫీడర్ ఉంచితే తిండికి మరిగి వలస మానేస్తాయని కొందరి భయం. అదేం లేదు. పగటి నిడివి తగ్గడంతోనే వాటికి ప్రయాణం తొందర మొదలవుతుంది. చివరి పిట్ట కనిపించాక కూడా రెండు వారాలు ఫీడర్ తీయకండి, వెనకబడ్డవి వస్తుంటాయి. ఒకటే పిట్ట పెత్తనం చేసి మిగతావాటిని తరిమేస్తుంటే, దానికి కనపడని చోట ఇంకో ఫీడర్ కట్టండి.

ఫీడర్‌లోకి నాలుగు కప్పుల నీళ్లకు ఒక కప్పు తెల్ల పంచదార, అంతే. ఎర్రరంగు అక్కర్లేదు. తేనె వేస్తే త్వరగా పులిసి బూజు పడుతుంది. ఆరోగ్యం కదా అని బెల్లం అసలు వేయొద్దు, అందులోని ఇనుము వాటికి చేటు. ఎండలు తగ్గని చోట రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, ఫీడర్ కడగాలి.

ఫీడర్ అంచున పెద్ద గొల్లభామ ముందుకాళ్లు జోడించి కూర్చుంటే ముచ్చటపడి వదిలేయకండి. అది హమ్మింగ్‌బర్డ్‌ని పట్టి తినగలదు. పుల్లతో ఎత్తి దూరంగా ఏ పొదలోనో వదిలిపెట్టండి.