నూటికి నూరు, ఆ తర్వాత 49

2020 జూన్‌లో తెలంగాణ పదో తరగతి పిల్లలు 5,34,903 మందీ పాసయ్యారు. ఒక్కరూ తప్పలేదు. అదే బ్యాచ్ రాసిన ఇంటర్ మొదటి ఏడాది ఫలితాలు 2021 డిసెంబర్ 16న వచ్చాయి. రాసినవారు 4,59,242 మంది, గట్టెక్కినవారు 2,24,012 మంది. అంటే 49 శాతం. కరోనాకు ముందు ఇది 60 దగ్గర ఉండేది.

ముందు ఆ నూరు ఎలా వచ్చిందో చూద్దాం. 2020 మార్చిలో మూడు పేపర్లయ్యాక పరీక్షలు ఆగాయి. చివరికి రద్దయ్యాయి. బడిలో పెట్టిన 20 మార్కుల ఫార్మేటివ్ పరీక్షలనే వందకు లెక్కగట్టి గ్రేడ్లిచ్చారు. మరుసటి ఏడాదీ అదే దారి. 2021లో పాసైన 5,21,073 మందిలో 2,10,647 మందికి 10 జీపీఏ. ప్రతి అయిదుగురిలో ఇద్దరు టాపర్లే! మార్కులు వేసిందీ, ఆ మార్కులతో పేరు తెచ్చుకున్నదీ ఒకే బడి అయినప్పుడు ఇందులో వింతేముంది?

అసలు బడి ఎన్నాళ్లు మూతబడింది? 2020 మార్చి 16 నుంచి 2021 జనవరి 31 దాకా 322 రోజులు. ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు తలుపులు తెరిచారు. ఆదివారాలతో కలిపి 51 రోజులు నడిచాయో లేదో, మార్చి 24న మళ్లీ మూత. ఆ తర్వాత సెప్టెంబర్ 1 దాకా మరో 161 రోజులు. వేసవి సెలవులు ఎటూ ఉండేవే కదా అని వాటిని తీసేసినా, పోయింది తక్కువేమీ కాదు.

హైదరాబాద్‌లోని చందానగర్‌లో ఆ రోజులు అందరికీ ఒకేలా గడవలేదు. ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లూ, వాటిని కట్టే మేస్త్రీల అద్దె గదులూ ఇక్కడ ఎంతో దూరంలో ఉండవు. ఒక ఇంట్లో అమ్మానాన్నల మీటింగులూ పిల్లల క్లాసులూ ఒకే వైఫై మీద నడిస్తే, మరో ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటే సైటుకు వెళ్లిపోయేది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని పట్టణాల్లోనే కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 23, ఇంటర్నెట్ ఉన్నవి 42. ఫోన్ లేనివాళ్లకు 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, యాదగిరి ఛానళ్లలో పాఠాలు పెట్టారు. మంచి పనే. కానీ బీజగణితంలో రెండో మెట్టు దగ్గర తప్పిపోయిన పిల్ల టీవీని ఆపి సందేహం అడగలేదు.

చిన్న ప్రైవేటు బడుల పరిస్థితి ఇంకో రకం. ప్రభుత్వం ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోమంది. అదీ కట్టలేని ఇళ్లున్నాయి. జీతాలు ఆగిన ప్రైవేటు టీచర్లకు 2021 ఏప్రిల్‌లో నెలకు రూ.2,000, 25 కిలోల బియ్యం ప్రకటించారంటే పాఠం చెప్పేవాళ్లే ఏ గతిలో ఉన్నారో ఊహించుకోవచ్చు.

అలాగని 49ని నష్టానికి కచ్చితమైన కొలతగా పట్టుకోలేం. ఆ పిల్లలను ముందే రెండో ఏడాదికి పంపేశారు. అక్కడి పాఠాల మధ్యలో వెనక్కి తిరిగి పాత పరీక్ష రాయమన్నారు. అయితే సిలబస్ 70 శాతమే, ఛాయిస్ ఎక్కువే. అయినా సగం మంది ఆగిపోయారు. గొడవలయ్యాయి. డిసెంబర్ 24న ప్రభుత్వం తప్పినవాళ్లందరికీ కనీస మార్కులిచ్చి పాస్ చేసింది. ఆ పిల్లల ఆవేదన చూస్తే అది తప్పని నేననను. కానీ ఎవరికి ఏ పాఠం రాలేదో తెలుసుకునే అవకాశం కూడా దాంతో పోయింది.

2022లో పదో తరగతి పరీక్షలు మళ్లీ జరిగాయి. 11 పేపర్లు ఆరయ్యాయి, సిలబస్ 70 శాతం, ఉత్తీర్ణత 90. 2023లో పూర్తి సిలబస్ రాగానే 86.60కి దిగింది. 2019లో అది 92.43. ఈ 2023 బ్యాచ్ బడి మూసేనాటికి ఏడో తరగతిలో ఉంది. ఎనిమిదో తరగతిలో బడి చూసింది ఒక్క నెలే. పదో తరగతి లెక్కలకు పునాది పడేది సరిగ్గా అక్కడే.

ఇంకా చిన్నవాళ్ల సంగతి మరీ కలవరపెడుతుంది. గ్రామాల్లో చేసే అసర్ సర్వేలో 2018, 2022 మధ్య దేశవ్యాప్తంగా ఎనిమిదో తరగతిలో భాగహారం చేయగలిగినవారి లెక్క దాదాపు కదల్లేదు. 44 శాతం దగ్గరే ఉంది. మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు మాత్రం 27.3 నుంచి 20.5కి పడిపోయారు. 2022లో మూడో తరగతిలో ఉన్న ఆ పిల్లలు పదో తరగతి పరీక్ష రాసేది 2030లో.