రంధ్రం కన్నా పెద్ద గుండు

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికా పేటెంట్ పొందిన రివాల్వర్‌ను నింపడం ఓపికతో కూడిన పని. సిలిండర్‌లోని ఒక్కో చాంబర్‌లో ముందువైపు నుంచి నల్ల తుపాకిమందు పోయాలి, దాని మీద సీసపు గుండు దిగ్గొట్టాలి, వెనక నిపుల్‌కి, దెబ్బ తగిలితే మండే పెర్కషన్ క్యాప్ తొడగాలి. మొదట్లో గొట్టం విప్పితేగానీ నింపడం కుదిరేది కాదు. 1839లో గుండు దిగ్గొట్టే లీవర్ వచ్చి ఆ బాధ తప్పింది.

గుండు కొలతలోనే ఉంది అసలు విద్య. అది చాంబర్ నోటి కన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. లీవర్ లాగగానే కడ్డీ గుండును లోపలికి నొక్కుతుంది, నోటి అంచు దాని చుట్టూ ఉన్న సీసాన్ని చెక్కేస్తుంది. సన్నని సీసపు ఉంగరం ఒకటి ఊడి వస్తుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ఉంగరమే. ఎక్కడా తెగకుండా గుండ్రంగా వచ్చిందంటే గుండు అన్ని వైపులా బిగిసినట్టు. అసలు రాకపోతే గుండు చిన్నదైనట్టు.

ఆ బిగింపు లేకపోతే ప్రమాదమే. ఒక చాంబర్ పేలినప్పుడు సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి మంట చిమ్ముతుంది. పక్క చాంబర్లలో గుండు వదులుగా ఉంటే ఆ మంట లోపలి మందుకు అంటుకుని అవీ పేలవచ్చు. దీన్నే చైన్ ఫైర్ అంటారు. వెనక క్యాప్‌లు వదులైనా ఇది జరుగుతుందని కొందరి వాదన. ఇది కాక, పేలిన అదురుకి వదులు గుండు ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది.

తుపాకి పేరులోని అంకెను నమ్మి గుండు కొనకూడదు. 1851 నాటి కోల్ట్ నేవీ .36 కాలిబర్, గుండు మాత్రం సాధారణంగా .375 అంగుళాలది. 1860 ఆర్మీ .44 కాలిబర్, దానికి .451 గానీ .454 గానీ వేస్తారు. 1972లో వచ్చిన రూగర్ ఓల్డ్ ఆర్మీకైతే .457 కావాలి. ఇటలీలో తయారయ్యే నేటి నమూనాల్లో కంపెనీని బట్టి చాంబర్లు తేడాగా ఉంటాయి. అందుకే వెర్నియర్ కాలిపర్స్‌తో చాంబర్ నోటిని కొలిచి, అంగుళంలో వెయ్యోవంతులు కొన్ని కలుపుకోవడమే దారి. చాంబర్ ఒప్పుకుంటే .44 కాలిబర్‌కి నా ఓటు .454కే. చెక్కుడుకు అది ఎక్కువ సీసం వదులుకుంటుంది, చాంబర్ గోడను ఆనుకునే పట్టీ వెడల్పవుతుంది, గొట్టంలోని మెలితిరిగిన గాడులకు పట్టు దొరుకుతుంది.

గుండు స్వచ్ఛమైన సీసానిదై, గోరు గీస్తే గీత పడేంత మెత్తగా ఉండాలి. ఆంటిమొనీ కలిసిన గట్టి సీసమైతే ఉంగరం రావడానికి ముందే లీవర్ వంగిపోవచ్చు.