వార్తల్లో పదం: సరిహద్దు జల కాలుష్య సమాచార వ్యవస్థ

ఒకే నదిని పంచుకునే దేశాలు లేదా రాష్ట్రాలు నీటి నాణ్యతను ఒకే పద్ధతిలో కొలిచి, ఆ లెక్కలను వెంటవెంటనే ఒకరికొకరు చేరవేసుకునే ఏర్పాటు ఇది.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద పడిన వాన చివరికి చేరేది మూసీకే. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది నగరం మురుగునంతా మోసుకుని నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్. దిగువన పులిచింతల జలాశయం, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018 జాబితాలో మూసీది మొదటి ప్రాధాన్య శ్రేణి. లీటరుకు 30 మిల్లీగ్రాముల బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) దాటిన నదులకు ఆ స్థానం.

ఇలాంటి వ్యవస్థలో నీటిలో ముంచి ఉంచిన సెన్సర్లు పీహెచ్, అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్ కొలిచి సర్వర్‌కు పంపుతాయి. అర్ధరాత్రి ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాలను నాలాలో వదిలి పోయిందనుకుందాం. తెరమీద ఆక్సిజన్ గీత చటుక్కున కిందికి జారుతుంది. నెలకోసారి సీసాలో పట్టే నమూనాకు ఆ దొంగతనం చిక్కదు.

ఐరోపాలో డాన్యూబ్ నదికి 1997 నుంచి దేశాల మధ్య హెచ్చరిక వ్యవస్థ ఉంది. 2000 జనవరి 30న రుమేనియాలోని బయా మారేలో గని వ్యర్థాల చెరువు గట్టు తెగి సైనైడ్ నీరు ఉపనదుల గుండా డాన్యూబ్‌లోకి చేరింది. దిగువ దేశాలకు ముందే కబురందింది. చేపలు మాత్రం టన్నులకొద్దీ చచ్చిపోయాయి.

మన దేశంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలుల మధ్య సమన్వయం, వివాదాల పరిష్కారం 1974 జల చట్టం ప్రకారం కేంద్ర మండలి బాధ్యతే. వాడపల్లి దగ్గర కొలిచిన అంకె రెండు గట్లవారికీ ఒకే క్షణంలో కనిపించాలి.