చిటికెడు గ్రాఫీన్ – గట్టి ఎపాక్సీ

ట్రంకు పెట్టె పిడి ఊడినా, పరీక్ష అట్ట క్లిప్పు ఊడినా మనం వెతికేది ఆరల్డైట్ కోసమే. రెండు ట్యూబుల్లో ఒకటి రెసిన్, ఇంకొకటి హార్డెనర్. రెండూ కలిస్తే అణువులు వలలా ముడిపడి రాయిలా గట్టిపడతాయి. దీన్నే ఎపాక్సీ అంటారు. గట్టిదే కానీ పెళుసు. చిన్న పగులు మొదలైతే చాలు, గాజులో లాగా ఆగకుండా పోతుంది.

పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పొరే గ్రాఫీన్. మందం ఒక పరమాణువంత. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌లు 2004లో దాన్ని మామూలు అంటుకునే టేపుతో విడదీశారు. 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. యంగ్ గుణకం ఎపాక్సీకి సుమారు 3 గిగాపాస్కల్స్, ఉక్కుకు 200, గ్రాఫీన్‌కు దాదాపు 1000!

ఈ లెక్క చూసే మేము బోల్తా పడ్డాం. మన హాస్టల్ నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్ళిన మేమిద్దరం చివరి ఏడాది ప్రాజెక్టుకు ఇదే తీసుకున్నాం. స్కాలర్‌షిప్ డబ్బులో కొంత పెట్టి గ్రాఫీన్ పొడి కొన్నాం. ఎంత ఎక్కువ వేస్తే అంత బలం అనుకుని, ధారాళంగా వేసి పుల్లతో కలిపి బద్దలు పోశాం. పరీక్ష యంత్రంలో అవి వట్టి ఎపాక్సీ కన్నా ముందే విరిగాయి! వైవాకు పదిహేను రోజులే ఉంది. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

విరిగిన చోట చూస్తే నల్లటి ఉండలు, గాలి బుడగలు. అప్పుడు గుర్తొచ్చింది మన వంట అక్క రాగి జావ. పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి తర్వాతే ఎసట్లో పోసేది. పొడిపిండి నేరుగా పోస్తే ఉండ కడుతుంది, లోపల తడి చేరదు. గ్రాఫీన్ పొరలూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని అతుక్కుపోతాయి. ఉండ లోపలికి రెసిన్ వెళ్ళదు. పగులు అక్కడే పుడుతుంది. పొడి ఎక్కువైతే రెసిన్ చిక్కబడి బుడగలూ బయటికి పోవు.

రెండోసారి చిటికెడే తీసుకున్నాం. అసిటోన్‌లో వేసి అల్ట్రాసోనిక్ తొట్టిలో పొరలు విడేలా కదిలించి, రెసిన్ కలిపి, అసిటోన్ మొత్తం ఆవిరి చేసి, ఆఖర్న హార్డెనర్ వేశాం. వ్యాక్యూమ్‌లో బుడగలు తీశాం. ఈసారి బద్దలు ఎక్కువ బరువు మోశాయి. ఎంత ఎక్కువో మూడు బద్దలతో చెప్పడం సరికాదు.

అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ వారు 2009లో ప్రకటించిన ఫలితం చూడండి. 0.1 శాతం, అంటే కిలోకు ఒక్క గ్రాము గ్రాఫీన్‌తో యంగ్ గుణకం 31 శాతం, తన్యత బలం 40 శాతం, పగులును తట్టుకునే గుణం 53 శాతం పెరిగాయి. విడివిడిగా పరుచుకున్న రేకులు అడ్డుపడితే పగులు పక్కకు తిరిగి వంకరగా పోవాలి. అందుకు ఎక్కువ శక్తి కావాలి. అయితే పొడి రకాన్ని బట్టి, కలిపే తీరును బట్టి ఈ అంకెలు మారతాయి.

తమ్ముళ్ళూ, ఈ పొడిని మాస్కు లేకుండా ముట్టుకోకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదటిసారి విరిగిన బద్ద మా దగ్గరే ఉంది. వార్షికోత్సవానికి తెస్తాం. విరిగిన అంచు మీద వేలు పెట్టి చూడండి, ఉండలు తగులుతాయి.